ఉత్తరంలో నాడి చూసిన రోజులు

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో కాస్త కలిగిన ఇంట్లో ఎవరికైనా మొండిజబ్బు పట్టుకుంటే కాగితం, కలం ముందేసుకుని కూర్చునేవాళ్లు. ఒంట్లో ఏం జరుగుతున్నదో మొదటినుంచీ పూసగుచ్చినట్టు రాసి, ఎక్కడో దూరాన నగరంలో ఉన్న పెద్ద వైద్యుడికి టపాలో పంపేవాళ్లు. ఆ వైద్యుడు రోగి ముఖం ఎరుగడు. నాడి పట్టి చూడడు. ఉత్తరం చదివి జబ్బు ఫలానా అని తేల్చి, పథ్యం ఏమిటో మందు ఏమిటో రాసి, మళ్లీ టపాలోనే పంపేవాడు. రోగి ఆ ప్రకారం నడుచుకునేవాడు. నెల తర్వాత ఇంకో ఉత్తరం, దానికి ఇంకో జవాబు. కొందరి విషయంలో ఇది ఏళ్ల తరబడి సాగింది.

గతిలేక చేసిన అరకొర వైద్యమని ఇవాళ మనకు అనిపిస్తుంది. అప్పటివాళ్లకు అలా అనిపించలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసినా ఆ వైద్యుడు చేసేది దాదాపు అదే. రోగి చెప్పేది వినడం, ఆలోచించడం, పథ్యం చెప్పడం. ఎందుకు అంతే చేయగలిగాడో తెలిస్తే, వైద్యశాస్త్రం ఎక్కడ మలుపు తిరిగిందో, ఆ మలుపులో ఏది సంపాదించి ఏది పోగొట్టుకుందో కూడా తెలుస్తుంది.

ఎడింబరోలో విలియం కల్లెన్ అనే వైద్యుడు ఉండేవాడు. 1710లో పుట్టాడు, 1790లో పోయాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మొదట రసాయనశాస్త్రం, తర్వాత వైద్యం బోధించాడు. గాలి పీడనం తగ్గించి ఈథర్‌ను ఆవిరి చేస్తే చల్లదనం పుడుతుందని ప్రయోగం చేసి చూపించాడు. నేటి ఫ్రిజ్‌లకు మూలసూత్రం అదే. మనం తరచు వినే ‘న్యూరోసిస్’ అనే మాటను వైద్యంలోకి తెచ్చినవాడు కూడా ఆయనే. కానీ ఆయన్ని ఇక్కడ తలుచుకోవడానికి కారణం వేరు. 1755 మొదలు చనిపోయే దాకా తనకు వచ్చిన రోగుల ఉత్తరాలనూ, తాను రాసిన జవాబుల నకళ్లనూ ఆయన దాచిపెట్టాడు. అన్నీ కలిపి 5,000 పైమాటే. ఎడింబరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని ఒక్కొక్కటిగా చదివి, ఎత్తి రాసి, ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. రెండున్నర శతాబ్దాల కిందట ఒక స్కాట్లాండ్ భూస్వామికి అన్నం ఎందుకు అరగలేదో హైదరాబాద్‌లో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ ఉత్తరాలన్నీ రోగులే రాసినవి కావు. భార్య గురించి భర్త రాస్తాడు, కొడుకు గురించి తండ్రి రాస్తాడు, ఊరి పాదిరీ రాస్తాడు. చాలా ఉత్తరాలు ఊళ్లోని చిన్న వైద్యుడు రాసినవి. మందులు కలిపి ఇవ్వడం, నెత్తురు తీయడం, కట్లు కట్టడం అతని పని. మన పల్లెల్లో ఆర్.ఎం.పి. డాక్టరు పట్నంలోని పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, ‘కేసు ఇలా ఉంది సార్, ఏం చేయమంటారు’ అని అడుగుతాడు కదా, దాదాపు ఆ వరస. వాళ్లలో ఎందరో ఒకప్పుడు కల్లెన్ దగ్గర పాఠాలు విన్నవాళ్లే. గురువుగారికి ఎలా రాయాలో వాళ్లకు తెలుసు.

ఉత్తరంలో ఏముండేది? వయసు, వృత్తి, తల్లిదండ్రులకు ఏ జబ్బులు ఉండేవి, చిన్నప్పుడు ఏం వచ్చింది, పెళ్లయిందా, కాన్పులెన్ని. ఆ తర్వాత అసలు కథ. భోజనం చేసిన ఎంతసేపటికి కడుపు ఉబ్బుతున్నది, తేనుపు పుల్లగా వస్తున్నదా, విరేచనం రోజూ అవుతున్నదా, మూత్రం ఏ రంగు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తున్నది, ఏ పక్కకు తిరిగి పడుకుంటే దగ్గు తగ్గుతున్నది, దిగులు ఏ వేళ ఎక్కువగా కమ్ముకుంటున్నది. ఎదురుగా నోరు తెరిచి చెప్పలేని సంగతులు కూడా కాగితం మీదికి వచ్చేవి. అప్పట్లో బ్రిటన్‌లో టపాఖర్చు సాధారణంగా ఉత్తరం అందుకున్నవాడే కట్టేవాడు. అదీ దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి. ముందే చెల్లించి బిళ్ల అంటించే ఏర్పాటు 1840లో గానీ రాలేదు. ఒకే కాగితం మీద అంచుల దాకా చిన్న అక్షరాలతో కిక్కిరిసి రాయడం అందుకే అలవాటైంది.

జవాబుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆరునెలల కిందట ఈ రోగికి ఏం చెప్పామో గుర్తుండాలి కదా. మొదట్లో గుమాస్తాలు జవాబులకు నకలు రాసిపెట్టేవాళ్లు. 1780లో జేమ్స్ వాట్, ఆవిరియంత్రానికి పేరుపడ్డ వాట్ మహాశయుడే, ఉత్తరాల నకలు తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. తొందరగా ఆరిపోని సిరాతో ఉత్తరం రాయాలి. దానిమీద పల్చటి తడికాగితం పరచి యంత్రంలో పెట్టి గట్టిగా నొక్కాలి. సిరా కొంత పై కాగితానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి గానీ, కాగితం పల్చన కాబట్టి వెనకవైపు నుంచి చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. మరుసటి ఏడే కల్లెన్ ఆ యంత్రం ఒకటి కొనుక్కున్నాడు. వాట్‌కు ఆప్తమిత్రుడైన జోసెఫ్ బ్లాక్ కల్లెన్ శిష్యుడే. ఒక రోగి గురించి ఎప్పుడేం చెప్పామో తేదీల వారీగా చూసుకునే వీలు ఇలా కుదిరింది. ఇవాళ ఆసుపత్రిలో మన పేరు మీద తెరిచే ఫైలుకు పూర్వరూపాల్లో ఈ ఉత్తరాల కట్టలు ఒకటని నా అభిప్రాయం.

ఇక అసలు ప్రశ్న. ముట్టుకోకుండా, చూడకుండా జబ్బును ఎలా తేల్చేవాళ్లు?

శరీరాన్ని గురించి ఆనాటి వైద్యులకున్న అవగాహనే దానికి వీలు కల్పించింది. ఫలానా అవయవంలో ఫలానా చోట మచ్చ ఉంది, పుండు ఉంది, అదే జబ్బు అనే ఆలోచన అప్పటికింకా వైద్యుల గదిలోకి రాలేదు. మనిషి దేహతత్వం, తిండి, నిద్ర, గాలి, శ్రమ, మనసు, మలమూత్రాలు, వీటి మధ్య పొందిక చెడటమే రోగం. కల్లెన్ దీనికి నాడీవ్యవస్థ బలాబలాలను జోడించాడు. వాతపిత్తకఫాల మాట వింటూ పెరిగిన మనకు ఈ చూపు కొత్తదేమీ కాదు. ఇలాంటి రోగానికి సాక్షి ఎవరు? రోగి ఒక్కడే. ఆకలి ఎంతుందో, నిద్ర ఎలా పడుతున్నదో అతనికే తెలుసు. వైద్యుడు నాడి చూసేవాడు, నాలుక చూసేవాడు, మూత్రం రంగు చూసేవాడు. ఈ మూడింటినీ ఊళ్లోని చిన్న వైద్యుడు చూసి రాసి పంపగలడు. అంటే రోగి గదిలోకి స్వయంగా వెళ్లడం వల్ల పెద్ద వైద్యుడికి అదనంగా తెలిసేది చాలా తక్కువ.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సామ్యూల్ ఆగస్ట్ తిసో అనే వైద్యుడు ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టాడు. 1761లో ఆయన మామూలు జనం కోసం ఒక ఆరోగ్య గ్రంథం రాశాడు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాని చివర, దూరాన ఉన్న వైద్యుణ్ని సంప్రదించేవాళ్లు ఏయే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలో వరసగా ఇచ్చాడు. జబ్బు ఎన్నాళ్లనుంచి, ఎలా మొదలైంది, జ్వరం ఉందా, నాడి గట్టిగా ఉందా మెత్తగా ఉందా, దాహం, నిద్ర, నొప్పి, విరేచనం, ఇంతవరకు ఏ మందులు వాడారు. ఆడవాళ్లకు విడిగా, పిల్లలకు విడిగా ప్రశ్నలు. ఆయనకు వచ్చిన వెయ్యికి పైగా ఉత్తరాలు ఇప్పటికీ లోజాన్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ ప్రశ్నల వరుసలోనే జవాబులు రాసిన రోగులూ వాళ్లలో ఉన్నారు.

తిసో చేసిన హాని కూడా చెప్పాలి. హస్తప్రయోగం వల్ల వెన్నెముక క్షీణిస్తుంది, కళ్లు పోతాయి, మతి పోతుంది అని 1760లో ఫ్రెంచిలో ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో నిజం లేదు. అయినా యూరప్ అంతటా కుర్రవాళ్లు హడలిపోయి, తాము చేసిన ‘పాపం’ ఒప్పుకుంటూ ఆయనకే ఉత్తరాలు రాశారు. ఆ భయం ఖండాలు దాటి, తరాలు దాటి మన దాకా వచ్చింది. గోడల మీద ప్రకటనలు రాయించుకునే సెక్స్ వైద్యుల వ్యాపారం ఇవాళ్టికీ దానిమీదే నడుస్తున్నది. తెలుగునాట ఆ భయాన్ని పోగొట్టడానికి కృషి చేసినవాళ్లలో డాక్టర్ సమరం ముందుంటారు. ఆయన చేసింది కూడా పత్రికల్లో పాఠకుల ఉత్తరాలకు జవాబులివ్వడమే. ఒక వైద్యుడు పుస్తకం రాసి పెంచిన భయాన్ని రెండు వందల ఏళ్ల తర్వాత ఇంకో వైద్యుడు ఉత్తరాల్లో తగ్గించాల్సి వచ్చింది.

ఒక్క ఉత్తరం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు 1768లో ఒక కొత్త జబ్బును వర్ణించాడు. నడుస్తుంటే, ముఖ్యంగా భోజనం చేసి మెట్ట ఎక్కుతుంటే, రొమ్ములో ఊపిరాడనట్టు బిగపట్టేస్తుంది. నిలబడిపోతే తగ్గిపోతుంది. దానికి ఆయన ‘ఆంజైనా పెక్టోరిస్’ అని పేరు పెట్టాడు. 1772లో ఆ వ్యాసం అచ్చయింది. అది చదివిన ఒకాయన, వయసు యాభై దాటినవాడు, హెబర్డెన్‌కు ఉత్తరం రాశాడు. సంతకం చోట ‘అజ్ఞాతుడు’ అని మాత్రమే ఉంది. మీరు రాసిన జబ్బు నాదే అని, నొప్పి ఎడమ చేతిలోకి ఎలా పాకుతుందో, ఎప్పుడు వస్తుందో నిదానంగా వివరించాడు. మరో సంగతి కూడా రాశాడు. అప్పుడప్పుడు మూడు నాలుగు సెకన్లపాటు లోపల అన్నీ ఆగిపోయినట్టు ఉంటుందట. ఆ తర్వాత గుండె మీద ఒక కుదుపు. చివర్లో, తాను హఠాత్తుగా పోతే మీకు కబురు చేయమని, శరీరాన్ని కోసి చూడనివ్వమని వీలునామాలో రాసిపెట్టానని తెలియజేశాడు. తనకు ఇక పనికిరాకపోయినా రాబోయేవాళ్లకు పనికొస్తుందని ఆశించాడు.

మూడు వారాలు తిరక్కుండానే ఆయన చనిపోయాడు. కబురు అందింది. ఆ కాలపు మేటి శస్త్రవైద్యుడు జాన్ హంటర్ శవపరీక్ష చేశాడు. పక్కనే అతని శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ ఉన్నాడు, తర్వాతి కాలంలో మశూచి టీకా కనిపెట్టినవాడు. చావుకు కారణమనదగ్గది వాళ్లకు ఏమీ దొరకలేదు. గుండెకే నెత్తురు అందించే కరోనరీ ధమనులను వాళ్లు జాగ్రత్తగా చూడలేదు. అక్కడ చూడాలన్న ఆలోచన అప్పటికి వాళ్లకు రాలేదు. తర్వాత ఇతర శవపరీక్షల్లో జెన్నర్‌కు ఆ ధమనులు గట్టిపడి ఉండటం కనిపించింది. అప్పటికే గురువు హంటర్‌కు అదే నొప్పి మొదలైంది. తెలిస్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని జెన్నర్ ఆ సంగతి అచ్చువేయకుండా ఆగాడు. 1793లో హంటర్ ఆసుపత్రి సమావేశంలోనే కుప్పకూలి పోయాడు. ఆయన కరోనరీ ధమనులు ఎముకలా గట్టిపడి ఉన్నాయి.

పేరైనా చెప్పకుండా ఆ మనిషి రాసిన వర్ణన ఇవాళ హృద్రోగ నిపుణుడి చేతికిస్తే క్షణంలో జబ్బు చెబుతాడు. ఆనాటి నిపుణుల చేతిలోని కత్తికి దొరకనిది రోగి మాటల్లో దొరికింది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. సాధనాలు లేని కాలంలో రోగి వాక్యమే అన్నిటికంటే సూక్ష్మమైన సాధనం.

అయితే జబ్బు తెలిసినంత మాత్రాన నయం చేయగలిగారా అంటే, చాలావరకు లేదు. కల్లెన్ జవాబుల్లో పెద్దభాగం పథ్యమే. మాంసం తగ్గించమంటాడు, పాలు తాగమంటాడు, ఒంటికి ఆనేలా ఉన్నిబట్ట వేసుకోమంటాడు, రోజూ గుర్రపుస్వారీ చేయమంటాడు. వీటిలో కొన్ని ఇవాళ కూడా కాదనలేని సలహాలు. మందుల దగ్గరికి వచ్చేసరికి వాంతి మందు, విరేచనం మందు, పాదరసం, బొబ్బలెక్కించే పట్టీలు, నెత్తురు తీయడం. ఇవి ఎందరికో హాని చేశాయి. నల్లమందు నొప్పి తగ్గించేది. సింకోనా బెరడు మలేరియా జ్వరానికి నిజంగా పనిచేసేది. ఆ బెరడు గురించి కల్లెన్ తన ఔషధ గ్రంథంలో ఇచ్చిన వివరణ నచ్చకనే, 1790లో దాన్ని జర్మన్‌లోకి అనువదిస్తున్న హానిమన్ ఆ బెరడును తానే మింగి చూశాడు. హోమియోపతి అక్కడే మొదలైంది.

మరి రోగులు గుణం కనిపించిందని కృతజ్ఞతతో మళ్లీ ఎందుకు రాశారు? దీనికి గణితశాస్త్రం చెప్పే జవాబు ఒకటుంది. దీర్ఘవ్యాధి ఒకే తీరున ఉండదు. కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు తగ్గుతుంది. మనిషి ఉత్తరం రాసేది బాధ భరించలేనంత పెరిగినప్పుడు. శిఖరానికి చేరిన బాధ ఆ తర్వాత ఏ మందూ లేకుండానే మామూలు స్థాయికి దిగడం సహజం. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేలోపు ఒక వారమో రెండు వారాలో గడుస్తుంది. తగ్గుదల మొదలయ్యే వేళకు మందు చేతికి వస్తుంది. ఖ్యాతి మందుకు దక్కుతుంది. గణాంకశాస్త్రంలో దీన్ని సగటుకు మళ్లడం అంటారు. ఇవాళ కొత్త మందును పరీక్షించేటప్పుడు సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి పోల్చేది ఈ భ్రమలో పడకుండా ఉండటానికే. తీవ్రజ్వరాల రోగులు ఈ ఉత్తరాల్లో తక్కువగా కనిపించడానికి కారణం కూడా కాలమే. జవాబు వచ్చేసరికి వాళ్లు లేచి తిరుగుతుండేవాళ్లు, లేదా పోయేవాళ్లు.

ఒక్కోసారి మందూ సరైనదే అయ్యేది. 1784లో ఇంగ్లిష్ నిఘంటుకర్త సామ్యూల్ జాన్సన్‌కు ఆయాసం, ఒళ్లంతా నీరు. హెబర్డెన్ ఆయన్ని చూసిన వైద్యుల్లో ఒకడు. జాన్సన్ జీవితచరిత్ర రాసిన బాస్వెల్ అప్పుడు ఎడింబరోలో ఉండి, మిత్రుడి పరిస్థితి వివరిస్తూ అక్కడి వైద్యులైన కల్లెన్‌కు, మన్రోకు, జాన్ హోప్‌కు ఉత్తరాలు రాశాడు. ముగ్గురూ మర్యాదగా జవాబులిచ్చారు. జాన్సన్ వాడిన మందుల్లో ఒకటి స్క్విల్, అంటే సముద్రతీరాల్లో పెరిగే ఒక రకం అడవి ఉల్లి. గుండె బలంగా కొట్టుకునేలా చేసి నీరు దింపే పదార్థాలు అందులో నిజంగానే ఉన్నాయి. ఆ డిసెంబరులో జాన్సన్ మరణించాడు. కోసి చూస్తే ఊపిరితిత్తులు గాలితో ఉబ్బిపోయి ఉన్నాయి. ఎంఫిసీమా అని ఇవాళ అంటాం. బతికి ఉండగా దాన్ని ఎవరూ పసిగట్టలేకపోయారు.

పసిగట్టే మార్గం అప్పటికే ఒకటి వచ్చింది. తిసో పుస్తకం వెలువడిన 1761లోనే వియన్నాలో అవెన్‌బ్రుగ్గర్, రొమ్ముమీద వేళ్లతో తట్టి ఆ చప్పుడును బట్టి లోపల గాలి ఉందో నీరుందో చెప్పవచ్చని రాశాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1808లో ఫ్రాన్స్‌లో కోర్విజార్ ఆ పుస్తకాన్ని అనువదించాక దశ తిరిగింది. 1816లో పారిస్‌లో లాయెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక యువతి రొమ్ముకు ఆనించి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది. రోగికి తెలియని సంగతి ఇప్పుడు వైద్యుడికి తెలుస్తున్నది. తన ఊపిరితిత్తుల్లో ఏ గురక ఉందో రోగి రాయలేడు. ఆ చప్పుడును కవరులో పెట్టి పంపలేడు. కల్లెన్ చేసినట్టు కుర్చీలో కూర్చుని తేల్చే వైద్యానికి అక్కడితో విలువ తగ్గుతూ వచ్చింది. వైద్యం పెద్ద ఆసుపత్రుల్లోకి చేరింది. అక్కడి రోగులు ఎక్కువగా పేదలు. వాళ్లను పేజీలకు పేజీలు రాయమని అడిగినవాళ్లు లేరు. వైద్యానికి ఇది గొప్ప లాభం, అందులో సందేహం లేదు. రోగి గొంతు చిన్నబోయింది కూడా అప్పుడే.

శరీరపు గుర్తులు దూరప్రయాణం చేయడానికి ఇంకో శతాబ్దం పట్టింది. ఈసీజీ యంత్రాన్ని రూపొందించిన ఐంథోవెన్, 1905లో లైడెన్ నగరంలో ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు. ఇప్పుడు ఎక్స్‌రే, స్కాన్, రక్తపరీక్ష అన్నీ క్షణంలో ఫోన్‌లోకి వస్తున్నాయి. కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చి 25న మన దేశం టెలిమెడిసిన్ నియమావళి ప్రకటించింది. వీడియో, ఫోన్, రాతపూర్వక సందేశం, మూడు దారులనూ అంగీకరించింది. ఏ రోగిని తప్పనిసరిగా దగ్గరికి రప్పించి చూడాలో నిర్ణయించే బాధ్యతను డాక్టరు మీద పెట్టింది.

ఇన్ని పరీక్షలు వచ్చాక రోగి మాటకు విలువ ఎంత? 1975లో హాంప్టన్, అతని సహచరులు బ్రిటన్‌లో కొలిచి చూశారు. కొత్తగా వచ్చిన 80 మంది రోగులను తీసుకున్నారు. పంపిన డాక్టరు ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్న తర్వాత వేసుకున్న అంచనాయే 66 మందిలో చివరి దాకా నిలిచింది. ఒళ్లు పరీక్షించడం వల్ల మారింది ఏడుగురిలో. ల్యాబ్ పరీక్షల వల్ల మారింది మరో ఏడుగురిలో. ఆ తర్వాత స్కాన్లు ఎంతో పదునెక్కాయి, లెక్క కొంత మారి ఉండవచ్చు. కానీ ఏ స్కాన్ తీయాలో నిర్ణయించేది ఇప్పటికీ రోగి చెప్పే మాటే.

మన ఓపీల్లో ఒక్కో రోగికి దక్కే సమయం కొద్ది నిమిషాలు. ఆ కాస్త సమయంలో చెప్పాలనుకున్నది సగం మరిచిపోతాం. అందుకే పాఠకులకు నా విన్నపం ఒకటి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. బాధ ఏ రోజున, ఎలా మొదలైంది, ఒంట్లో సరిగ్గా ఎక్కడ, ఎటు పాకుతున్నది, ఏం చేస్తే పెరుగుతున్నది, ఏం చేస్తే తగ్గుతున్నది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఇప్పటిదాకా వాడిన మందులేమిటి. నాటుమందులు, మందుల షాపులో అడిగి కొన్నవి కూడా దాచకుండా రాయండి. వీటిలో కొన్ని తిసో అడిగినవే. ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. చదవడానికి రెండు నిమిషాలు చాలు.